ఫోన్ ఎంత సన్నమో చెప్తున్నారు, ఛార్జింగ్ ఎన్ని గంటలు వస్తుందో కూడా చెప్పమనండి

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్ మొదటి పేజీ నిండా ఒక సన్న ఫోన్ యాడ్ వచ్చింది. టీ తాగుతూ మొత్తం చదివా, కింద చిన్నక్షరాలతో సహా. మందం ఎన్ని మిల్లీమీటర్లో మాత్రం అంత పెద్ద అంకెల్లో వేశారు, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంతసేపు వస్తుందో ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

నాది విజయవాడ ఆటోనగర్లో లేత్ షాపు. డ్రాయింగులు వాట్సాప్ లోనే వస్తాయి, డబ్బులు యూపీఐలోనే పడతాయి, కొలతలో డౌటొస్తే వీడియో కాల్ చేసి పార్టు చూపించాలి, ఫోన్ ఆగిందంటే నా పని సగం ఆగినట్టే. రెండేళ్ళ కింద కొన్న ఫోన్ మొదటి ఏడాది బానే ఉంది, రెండో ఎండాకాలం వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటకే 20 శాతానికి పడిపోయేది. లిథియం బ్యాటరీకి వేడి పడదు, మన బెజవాడ ఎండల్లో అది ఇంకా తొందరగా దెబ్బతింటుంది, ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

మే నెలలో ఒక సాయంత్రం గన్నవరం వైపు షాఫ్ట్ ఒకటి ఇచ్చేసి తిరిగొస్తూ బంకులో 300కి పెట్రోల్ కొట్టించా, స్కాన్ చేద్దామని ఫోన్ తీస్తే 9 శాతం చూపించింది, యాప్ తెరుచుకునేలోపే స్విచాఫ్ అయిపోయింది. జేబులో 40 రూపాయలున్నాయి. వెనక లైను పెరుగుతోంది, నాకు చెమటలు పట్టేశాయి. ఆ బంకు కుర్రాడు పాపం ఏమీ అనలేదు, తన ఫోనే చేతికిచ్చి "ఇంటికి చెయ్యండి బాబాయ్" అన్నాడు, నా భార్య నంబరు నోటికొచ్చు కాబట్టి సరిపోయింది, తనే డబ్బులు వేసింది. నంబర్లు గుర్తుండని నా కూతురి వయసు పిల్లలైతే ఏం చేసేవాళ్ళు?

మర్నాడు రిపేర్ షాపుకెళ్ళా. వెనక అద్దం మొత్తం జిగురుతో అంటించి ఉంటుంది కదా, హీటర్ మీద పెట్టి వేడి చేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, అంగుళం అంగుళం లేపుతూ తీశాడు, అరగంట పట్టింది. లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బిపోయి ఉంది. కొత్తది వేస్తా గానీ ఇకమీదట నీళ్ళు తగలనివ్వకండి, కంపెనీ సీల్ పోయింది అన్నాడు. నేను మొదట్లో వాడిన ఫోన్లకి వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చేవాళ్ళం, ఊరెళ్తుంటే ఇంకోటి జేబులో వేసుకునేవాళ్ళం.

నా చేతిలో ఎప్పుడూ వెర్నియర్ ఉంటుంది, మందం కొలిచే పరికరం. కొత్త బ్యాటరీ లోపల పెట్టేముందు అడిగి కొలిచా, 4.8 మిల్లీమీటర్లు. ఫోన్ అంతా కలిపి 7.8. కెమెరా గుండ్రాల దగ్గర కొలిస్తే 9.9, అంటే ఫోన్ అక్కడ ఎలాగూ ఎత్తుగానే ఉంది. పౌచ్ వేసి కొలిస్తే 10.6. పౌచ్ లేకుండా ఫోన్ వాడేవాళ్ళని చూపించండి సార్, కొన్నరోజే షాపువాడు పౌచూ టెంపర్డ్ గ్లాసూ వేసి చేతికిస్తాడు. అంటే కంపెనీ అంత కష్టపడి చెక్కేసిన సన్నదనాన్ని మనం ప్లాస్టిక్ తో నింపుతున్నాం. అదే చోట బ్యాటరీ ఇంకో ఒక్క మిల్లీమీటరు మందం పెట్టి ఉంటే ఛార్జింగ్ సుమారు ఐదో వంతు ఎక్కువ వచ్చేది, లెక్క అంతే.

2025లో వచ్చినవే చూడండి, గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ 5.8 మిల్లీమీటర్లు, బ్యాటరీ 3900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత). ఐఫోన్ ఎయిర్ 5.6, వచ్చినప్పుడు ధర లక్షా 20 వేలకి వంద తక్కువ, వెనక కెమెరా ఒక్కటే, పైగా దాని వీపుకి అంటించుకునే బ్యాటరీ ఒకటి వేరేగా అమ్ముతున్నారు. అదే ఏడాది నవంబర్లో వచ్చిన వన్ ప్లస్ 15లో అంతే చోటులో ఎక్కువ ఛార్జ్ పట్టే సిలికాన్ కార్బన్ బ్యాటరీ పెట్టి 8 మిల్లీమీటర్లకి కొంచెం పైన మందంలోనే 7300 ఎంఏహెచ్ ఇచ్చారు. కాబట్టి చేయలేక కాదు, తలుచుకుంటే అవుతుంది.

మా అమ్మాయి మాత్రం ఒప్పుకోదు. బరువు ఫోన్ పట్టుకుంటే చిటికెన వేలు లాగుతుంది నాన్నా అంటుంది, తన చెయ్యి చిన్నది, అది నిజమే, అలాంటివాళ్ళకి సన్నవి ఉండాల్సిందే. కానీ సన్నదనం కోసం ఏం వదులుకుంటున్నారో కొనేముందు తెలియాలి కదా.

యూరప్ లో 2025 జూన్ 20 నుంచి స్మార్ట్ ఫోన్లకి లేబుల్ పెట్టారు. మన ఫ్రిజ్ మీద స్టార్లు ఉంటాయే, అలాంటిదే. ఒక ఛార్జ్ కి ఎన్ని గంటలు, బ్యాటరీ ఎన్నిసార్లు ఛార్జ్ చేసేదాకా నిలుస్తుంది, రిపేర్ ఎంత సులువు అన్నీ దాని మీద ఉంటాయి, 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా బ్యాటరీ సామర్థ్యం 80 శాతం నిలవాలని రూల్. 2027 ఫిబ్రవరి 18 నుంచి వాడేవాళ్ళే బ్యాటరీ విప్పి మార్చుకునేలా ఉండాలని ఇంకో చట్టం ఉంది, కొన్ని మినహాయింపులున్నాయి లెండి. మన దగ్గర కూడా రిపేరబిలిటీ ఇండెక్స్, అంటే రిపేర్ ఎంత సులువో చెప్పే మార్కుల మీద కమిటీ 2025లో కేంద్ర వినియోగదారుల శాఖకి రిపోర్టు ఇచ్చింది. దాన్ని అక్కడే ఉంచకుండా ఫోన్ డబ్బా మీద గంటలు, బ్యాటరీ మార్చడానికయ్యే ఖర్చు రెండూ అచ్చేయించాలి, ఏ ఫ్రిజ్ కొన్నా స్టార్లు చూసే కొంటున్నాం కదా, రోజంతా చేతిలో ఉండే ఫోన్ కి ఎందుకు ఉండకూడదు?

మీ పేపర్లో ఫోన్ రివ్యూలు రాసేవాళ్ళకి కూడా ఒక మనవి. పౌచ్ తో కలిపి మందం కొలిచి వేయండి, ఎండలో బండికి తగిలించి మ్యాప్ పెట్టుకుని ఎంతసేపు వచ్చిందో వేయండి. వచ్చే నెల మా అమ్మాయి హాస్టల్ కి వెళ్తోంది, తనకి ఫోన్ కొనాలి. ఈలోపు రాస్తే ఇద్దరం కూర్చుని చదువుకుంటాం.

ఇట్లు,
ఒక లేత్ షాపు పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ