ఐ7 అని రాస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

కాలేజీలు తెరిచే రోజుల్లో మీ చెన్నై ఎడిషన్‌లో కంప్యూటర్ దుకాణాల ప్రకటనలు జోరుగా వస్తుంటాయి. ‘ఐ7 ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఐ7 అనేది ఇంటెల్ ప్రాసెసర్ చిప్‌ల వరుస పేరు మాత్రమే, అందులో ఏ ఐ7 అన్నది మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు. పిల్లల్ని ఇంజనీరింగ్‌లో చేర్చడానికి నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చి, పనిలో పనిగా ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లే తల్లిదండ్రులు ఐ5 కంటే ఐ7 గొప్పదన్న ఒక్క లెక్కతో డబ్బు కట్టేస్తారు. ఒకే తరం డెస్క్‌టాప్‌ల మధ్య ఆ లెక్క నిలుస్తుంది. ల్యాప్‌టాప్‌నీ డెస్క్‌టాప్‌నీ పక్కపక్కన పెడితే నిలవదు.

2023లో వచ్చిన రెండు ఇంటెల్ చిప్‌లు చూడండి. ల్యాప్‌టాప్‌లకు ఐ7-1355యూ, డెస్క్‌టాప్‌లకు ఐ5-13400. రెండింటిలోనూ కోర్లు, అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు, 10. కానీ ఐ7లో పెద్ద (వేగమైన) కోర్లు 2, చిన్నవి (కరెంటు పొదుపు చేసేవి) 8. ఐ5లో పెద్దవి 6, చిన్నవి 4. థ్రెడ్లు, అంటే ఒకేసారి నడపగల పనులు, ఐ7కి 12, ఐ5కి 16. బేస్ పవర్, అంటే మామూలు వేగంలో వాడే విద్యుత్తు, ఐ7కి 15 వాట్లయితే ఐ5కి 65. టర్బోలో, అంటే కాసేపు జోరు పెంచినప్పుడు, ఐ7 పరిమితి 55 వాట్లు, ఐ5ది 148. గంటసేపు వీడియో రెండర్ చేయాలన్నా, పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేయాలన్నా ఆ ఐ5 ముందు ఈ ఐ7 తేలిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్క కోర్ మీద నడిచే పనిలో ఆ ఐ7 5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, ఐ5 మాత్రం 4.6 దగ్గరే ఆగుతుంది. బ్రౌజర్, వర్డ్, మొదటి సంవత్సరం సీ ప్రోగ్రాములు లాంటి వాటిలో ల్యాప్‌టాప్ ఏమీ తీసిపోదు. దుకాణంలో రెండు నిమిషాలు చూపిస్తే చురుగ్గా ఉందనిపించేదీ అందుకే. చిప్ మొదట టర్బో పరిమితి దాకా కరెంటు లాగుతుంది. తయారీదారు పెట్టిన గడువు, చాలాసార్లు అర నిమిషం నుంచి నిమిషం, అయిపోగానే దీర్ఘకాల పరిమితికి దిగిపోతుంది. ఆ పరిమితిని నిర్ణయించేది ల్యాప్‌టాప్ కంపెనీ. అందుకే ఒకే చిప్ ఉన్న రెండు మోడళ్ల పనితీరు కూడా ఒకేలా ఉండదు.

వాట్లు నాలుగు రెట్లుంటే వేగమూ నాలుగు రెట్లని కాదు. ఫ్రీక్వెన్సీ పెరగాలంటే వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ పెరిగితే విద్యుత్తు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. చివరి కొసరు వేగం కోసమే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. 253 వాట్ల దాకా తాగే ఐ7-13700కే లాంటివి నా దృష్టిలో చాలామందికి దండగ.

చిప్‌ది ఎంత పాత్రో, అది కూర్చున్న పెట్టెదీ అంతే. యాపిల్ ఎం2 చిప్ మాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్‌లోనూ వచ్చింది, మాక్ మినీ డెస్క్‌టాప్‌లోనూ వచ్చింది. ఎయిర్‌లో ఫ్యాన్ లేదు, కాబట్టి బరువు పని కాసేపు సాగగానే వేగం తగ్గించుకుంటుంది. మినీలో ఫ్యాన్ ఉంది, అది తగ్గదు.

చెన్నైలో దీనికి ఎండ కూడా తోడవుతుంది. చుట్టూ గాలి ఎంత వేడెక్కితే చిప్ కూడా సుమారుగా అంత అదనంగా వేడెక్కుతుంది. 24 డిగ్రీల ఏసీ షోరూమ్‌లో 85 దగ్గర నిలిచిన చిప్, 38 డిగ్రీల హాస్టల్ గదిలో 99కి చేరుతుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌ల హద్దు 100. అక్కడినుంచి వేగం తగ్గించుకోక తప్పదు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి అడుగున గాలి రంధ్రాలు మూస్తే ఇక చెప్పేదేముంది.

కొనేముందు ఇలా చూసుకోవచ్చు. ఛార్జర్ తగిలించి, పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్ కింద సీపీయూ పూర్తి పేరు ఉంటుంది. తర్వాత చిప్ వేగం కొలిచే, ఉచితంగా దొరికే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రాంలో మల్టీకోర్ (అన్ని కోర్ల) పరీక్షను కనీస వ్యవధి ఆఫ్ చేసి ఒకసారి, 10 నిమిషాలు పెట్టి ఇంకోసారి నడపండి. రెండో స్కోరు మొదటిదానికంటే అయిదో వంతుకు మించి పడిపోతే ఆ మోడల్ వదిలేయమనే నా సలహా. ఆ ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే పావుగంట పని. ర్యామ్ ఒకే స్టిక్కుగా ఉందా, రెండుగా ఉందా అని కూడా అడగండి. ఒకటే ఉంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ బాగా దెబ్బతింటాయి.

ఇంటెల్ పోటీదారు ఏఎండీ చిప్‌ల పేర్లు ఇంకో తికమక. 2023 నాటి రైజెన్ 7000 ల్యాప్‌టాప్ చిప్‌లలో మూడో అంకెను చూడాలి, చిప్ డిజైన్ ఏ తరానిదో (జెన్) చెప్పేది అదే. 7520యూ అంటే జెన్ 2, 7730యూ అంటే జెన్ 3, 7840యూ అంటే జెన్ 4. జెన్ 2 పుట్టింది 2019లో! ఇంటెల్ ఇప్పుడు కోర్ అల్ట్రా అని పేరు మార్చినా చివరి అక్షరం గొడవ అలాగే ఉంది: యూ అంటే తక్కువ కరెంటుతో నడిచే రకం, హెచ్ అంటే ఎక్కువ వాడే రకం. అల్ట్రా 7 155యూలో 12 కోర్లు, 155హెచ్‌లో 16.

డెస్క్‌టాప్ కొనేవాళ్లకూ గుంతలున్నాయి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉన్న చిప్‌కు గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు పెట్టకపోతే తెర వెలగదు. కే ఉన్నవాటి పెట్టెలో కూలర్ రాదు. యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోవాలి. 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి.

మీ ప్రకటనల విభాగం చేయగలిగింది ఒకటుంది. ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు లేని ప్రకటనను, అది రాసివ్వమని దుకాణానికి తిప్పిపంపండి. ల్యాప్‌టాప్ సమీక్షలు వేసేటప్పుడు 10 నిమిషాల స్కోరు, ఆ సమయానికి గది ఉష్ణోగ్రత, రెండూ అచ్చువేయమని మనవి.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్,
చెన్నై