చివరి కుళాయి నీళ్లు ఎవరు పరీక్షిస్తున్నారు?

సంపాదకుడు గారికి,

వానలు మొదలవగానే ఏదో ఒక ఊళ్లో వాంతులు, విరేచనాలతో జనం ఆస్పత్రి పాలవుతారు. మర్నాటికల్లా సైడు కాల్వల పక్కన బ్లీచింగ్ పౌడర్ ముగ్గేసినట్టు తెల్లగా కనిపిస్తుంది. తాగే నీళ్లలోని క్రిమి ఆ ముగ్గుతో ఒక్కటీ చావదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో అతిసారం ప్రాణాలు తీసినప్పుడు బయటపడ్డది తాగునీటిలో మురుగు కలవడమే.

మురుగు గొట్టంలోకి ఎలా దూరుతుంది? మన ఊళ్లలో నీళ్లు పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. వదిలినంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, చిల్లున్నా నీళ్లు బయటికే కారతాయి. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతూ చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. ఇంటి కనెక్షన్ పైపు సైడు కాల్వలోంచి పోతుంటే లాగేది మురుగునే. కుళాయికి నేరుగా మోటారు బిగించిన ఇల్లు వీధిలో ఒకటున్నా చాలు, నీళ్లు వచ్చే వేళలోనూ ఇదే జరగొచ్చు. ధార అందడం లేదని గుంత తవ్వి కుళాయిని కిందికి దించుకోవడం ఇంకో తద్దినం. వానకు గుంత నిండితే కుళాయి మూతి అందులోనే మునిగి ఉంటుంది. కాబట్టి రోజూ మొదట వచ్చే నీళ్లను బిందెకు పట్టకుండా ఐదు నిమిషాలు వదిలేయాలి.

ఇక క్లోరిన్. నీళ్లలో క్రిముల్ని చంపేది అదే, అది వచ్చేది బ్లీచింగ్ పౌడర్ నుంచే. తేరిన నీళ్లకైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగి, పైన తేరింది మాత్రమే ట్యాంకులో పోయాలి. అడుగున మిగిలేది సున్నం. పోశాక అరగంట ఆగి నీళ్లు వదలాలి. చాలాచోట్ల తప్పేది ఇక్కడే: మూతి విప్పిన బస్తా తేమలో నెలల తరబడి పడి ఉంటుంది, క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. కొలత సరిగ్గా వేసినా వేసింది ఉత్త సున్నమే.

అది తేల్చేది పరీక్ష ఒక్కటే. గొట్టం చివర ఉన్న కుళాయి నీళ్లలో ఆర్థోటాలిడిన్ (క్లోరిన్ ఉంటే నీళ్లను పసుపు చేసే రసాయనం) చుక్కలు వేసి, పది సెకన్లలోపే పసుపు రంగును చార్టుతో పోల్చాలి. ఆలస్యమైతే రంగు ముదిరి లేని క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు కింద కుళాయి దగ్గర మామూలుగా పసుపు రంగే కనిపిస్తుంది, రిజిస్టరులో ఆ అంకె రాసుకుంటే ఎవరికి లాభం?

ఇంకో మాట. కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు, కామెర్లకు రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. కళ్లు పచ్చబడ్డాక తీసిన నీళ్ల శాంపిల్ శుభ్రంగా ఉందంటే నెల క్రితం నీళ్లు కూడా శుభ్రమేనని కాదు. 1955-56లో ఢిల్లీ తాగునీటిలో మురుగు కలిసినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచారు. కలరా, టైఫాయిడ్ విజృంభించలేదు గానీ వేలమందికి కామెర్లు వచ్చాయి. మురుగు చేరే దారిని మూయకుండా క్లోరిన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అంతే.

మున్సిపాలిటీ వారిని అడిగేది మూడే. కాల్వలోంచి పోయే ఇంటి పైపులను వార్డులవారీగా లెక్కతీసి, కాల్వ పైనుంచి మళ్లించండి. కుళాయి గుంతలు పూడ్చి, నేరుగా బిగించిన మోటార్లు తీయించండి. చివరి కుళాయి దగ్గరి క్లోరిన్ అంకెను తేదీతో సహా రోజూ వార్డు సచివాలయం బోర్డు మీద రాయించండి.

— ఒక పాఠకుడు, తెనాలి