లీజు, రెంట్, అడ్వాన్స్, డిపాజిట్ ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

మీ బెంగళూరు ఎడిషన్ క్లాసిఫైడ్స్‌లో మొన్న ఆదివారం ‘డబుల్ బెడ్‌రూం ఇల్లు లీజుకు, అడ్వాన్స్ 18 లక్షలు’ అని ఒక ప్రకటన వచ్చింది. దాని కిందే ‘ఇల్లు అద్దెకు, అడ్వాన్స్ లక్షన్నర’ అని ఇంకొకటి. రెండు చోట్లా అడ్వాన్స్ అనే వేశారు. నిజానికి రెండూ అడ్వాన్సులు కావు. మారతహళ్లిలో అగ్రిమెంట్లు టైపు చేసే షాపు నాది. అనంతపురం, కడప, మదనపల్లె వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన మన పిల్లలు ఈ మాటల తేడా తెలియక సంతకాలు పెట్టేయడం చూస్తూనే ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

అడ్వాన్స్ అంటే ముందుగా కట్టే అద్దె. తర్వాతి నెలల అద్దెలో అది తగ్గిపోవాలి. డిపాజిట్ ఓనరు దగ్గర పూచీగా ఉంచే డబ్బు. ఖాళీ చేసేటప్పుడు బాకీలు, రిపేర్లు పోను తిరిగి రావాలి. ఇక్కడ మాటల్లో అందరూ డిపాజిట్‌నే అడ్వాన్స్ అంటారు. మాట వరకైతే ఫర్వాలేదు, కాగితం మీదికి ఎక్కితేనే చిక్కు. ‘అడ్వాన్స్ లక్షన్నర ముట్టినది’ అని మాత్రమే రాసి, తిరిగివ్వాలన్న వాక్యం లేకపోతే, పెయింటింగ్‌కని ఒక నెల అద్దె, క్లీనింగ్‌కని ఇంకొంత కోసుకునే రోజు కుర్రాడు చూపించడానికి అందులో ఏమీ ఉండదు. నేనైతే ఓనరు విసుక్కున్నా సరే, ‘రిఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్’ అనే కొడతాను. టోకెన్ మళ్లీ వేరు. ఇల్లు ఇంకొకరికి ఇవ్వకుండా ఆపడానికి ఇచ్చేది, మనం వద్దనుకుంటే చాలాసార్లు తిరిగి రాదు.

లీజు సంగతి ఇంకా పెద్దది. 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 105వ సెక్షన్ చూస్తే, నెలనెలా అద్దె కట్టి ఉండటం కూడా లీజే. లీజు ఒప్పందం, రెంట్ దాని కింద కట్టే డబ్బు. బెంగళూరులో మాత్రం లీజంటే లక్షలు ఒక్కసారే ఇచ్చి, అద్దె లేకుండా రెండు మూడేళ్లు ఉండి, వెళ్లేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. కన్నడలో భోగ్య అంటారు. అద్దె మిగులుతుందని ఊళ్లో పొలం అమ్మి మరీ తెచ్చి ఇచ్చేవాళ్లున్నారు.

నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే ఇచ్చింది. ఓనరు అప్పటికే ఆ ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టి ఉన్నాడు. కంతులు ఆగిపోయాయి, గేటుకు బ్యాంకు నోటీసు అంటించారు. ఆ ఇల్లాలు అగ్రిమెంటు పట్టుకుని వచ్చి, ‘నోటరీ చేయించినాం కదక్కా, రిజిస్టర్ అయినట్టే కదా?’ అని అడిగింది. కాదు. నోటరీ ముద్రతో కాగితం రిజిస్టర్ అయిపోదు. రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరగాలి. ఏడాది మించిన లీజును రిజిస్టర్ చేయించాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. అద్దె ఇళ్లకు చాలామంది 11 నెలలకే అగ్రిమెంటు రాసుకునేది ఆ రిజిస్ట్రేషన్ అవసరం రాకూడదనే. తాకట్టు ఉందో లేదో తెలియాలంటే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించాలి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు ఒక్కోసారి ఈసీలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఒరిజినల్స్ చూపించమని ఓనరును అడగాలి. అడగడానికి మనవాళ్లకు మొహమాటం. చూపించనంటే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది.

మీకు నా విన్నపం ఇదీ. ప్రకటన తీసుకునేటప్పుడే మీ సిబ్బంది ‘ఈ డబ్బు తిరిగిచ్చేదా, అద్దెలో తగ్గేదా?’ అని అడిగి, డిపాజిట్ అనో అడ్వాన్స్ అనో సరిగ్గా వేయాలి. లీజు ఇళ్లనూ అద్దె ఇళ్లనూ వేరు శీర్షికల కింద పెట్టాలి. కాలేజీలు ముగిసి కొత్త పిల్లలు ఉద్యోగాలకు దిగే జూన్, జూలై లోపే ఇది మొదలుపెడితే మేలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు