జీపు ఎత్తు పెంచితే ఫైన్ సరే, ఎంతవరకు పెంచొచ్చో చెప్పేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

విజయవాడలో థార్‌లు, జిమ్నీలు, పాత జిప్సీలు ఎత్తు పెంచుకుని తిరగడం బాగా ఎక్కువైంది, వాటికి చలానాలూ పడుతున్నాయి, బాగానే ఉంది. కానీ పేపర్లలో వీటిని బుల్లెట్ సైలెన్సర్లతో, నల్ల ఫిల్ములతో కలిపి ఒకే గాటన కట్టేసి మోడిఫైడ్ బళ్ళ మీద కొరడా అని వేస్తున్నారు చూడండి, దాని గురించే ఈ ఉత్తరం. సైలెన్సర్ కోసేయడానికీ, ఎత్తు పెంచడానికి సస్పెన్షన్ (స్ప్రింగులు, షాకబ్జార్లు) మార్చడానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. మొదటిది ఊళ్ళో వాళ్ళ చెవులు పగలగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. రెండోది సరిగ్గా చేస్తే పనికొచ్చేదే, అడ్డగోలుగా చేస్తే బండిలో ఉన్నవాడితో పాటు రోడ్డు మీద ఎదురొచ్చేవాడికీ ప్రమాదం, మరి సరైనదేదో అడ్డగోలేదో ఎవర్నడిగినా ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తారు.

చట్టం సంగతి తెలీక కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణ తెచ్చి ఓనర్‌కి ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. సరే, కానీ అదే సెక్షన్ కింద మార్పు అంటే బండి నిర్మాణంలో దాని ప్రాథమిక లక్షణమే మారిపోయేలా చేసేది అని వివరణ కూడా ఉంది కదండీ. కుంగిపోయిన స్ప్రింగులు తీసి ఒక అంగుళం ఎత్తు ఎక్కువుండేవి వేసి, అరిగిపోయిన షాకబ్జార్ల బదులు కాస్త గట్టివి బిగిస్తే ప్రాథమిక లక్షణం మారినట్టా కాదా? ఆర్సీ తీసి చూడండి, వీల్‌బేస్ ఉంటుంది, అన్‌లాడెన్ వెయిట్ అంటే ఖాళీ బండి బరువు ఉంటుంది, నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ ఎంతో చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ అనే గడే ఉండదు. ఇంక రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్ దేనితో పోల్చి చెప్పాలి? ఆయన కంటికి ఎత్తుగా కనిపిస్తే ఎత్తు, లేదంటే లేదు.

జనం ఎందుకు పెంచుతున్నారంటే సగం మంది షోకే, అందులో దాపరికం ఏం లేదు. మిగతా సగానికి పనుంది. తుళ్ళూరు వైపు నల్లరేగడి పొలాల దారులు వానాకాలంలో ఎలా ఉంటాయో అక్కడ పొలం ఉన్నోళ్ళకి తెలుసు, ట్రాక్టర్ చాళ్ళ మధ్య మన్ను గట్టిపడిపోయి బండి పొట్టకి రాసుకుంటది. 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు వరద మా ఊరి సింగ్‌నగర్ మీద పడ్డాక అయితే ఈ పిచ్చి ఇంకా ముదిరింది, జీపు ఎత్తు పెంచేస్తే వరదలో కూడా పోవచ్చని చాలామంది అనుకుంటున్నారు. ఇది మాత్రం శుద్ధ తప్పు. కొత్త థార్‌కి కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మి.మీ., దానికి రెండంగుళాలు కలిపినా సింగ్‌నగర్లో ఛాతీ లోతు నీళ్ళకి అది ఏ మూలకి? పైగా జిప్సీ, జిమ్నీ లాంటి బళ్ళలో రెండు చక్రాల్ని కలిపే యాక్సిల్ ఒకే దుంగలా ఉంటది, స్ప్రింగులు ఎంత పెంచినా లేచేది బాడీయే, కింద ఆ యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, దాన్ని లేపాలంటే టైరు సైజు పెరగాలి. ఇది చెప్పకుండా వేలకి వేలు తీసుకునే షాపులు ఉన్నాయి.

అసలు గొడవ స్పేసర్ల దగ్గరే. స్ప్రింగు మీద ఒక ముక్క పెట్టి బోల్టులు బిగించేయడం, పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి బండి రెడీ, చవక కూడా. థార్ లాంటి వాటికి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి కాబట్టి పైన 20 మి.మీ. ముక్క పెడితే చక్రం దగ్గర దాదాపు రెండింతలు లేస్తుంది, ఈ సంగతి కొనేవాడికి తెలీదు, అమ్మేవాడు చెప్పడు. దాంతో యాక్సిల్ షాఫ్ట్ జాయింట్లు ఎప్పుడూ వంకర కోణంలో తిరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి, లోపలికి మట్టి పోయి జాయింటే పోతుంది. షాకబ్జార్ పాత పొడుగే కాబట్టి గుంతలో చక్రం కిందికి దిగినప్పుడల్లా చివరికంటా సాగి టక్కుమని కొడుతుంది. బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. ఏబీఎస్ లేని పాత బళ్ళు, పికప్పులు కొన్నిట్లో వెనక బ్రేకుకి ఒక వాల్వ్ ఉంటది, అది బండి వెనక ఎంత కుంగిందో చూసి బ్రేకు ప్రెషర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటది, వెనక ఎత్తు పెంచేసి ఆ లింకు సరిచేయకపోతే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది, నిండా మనుషులతో ఉన్నా సరే. ఇక హెడ్‌లైట్లు, ముందు లేచిందంటే లైటు కూడా పైకి లేచినట్టే, రాత్రిపూట నూజివీడు రోడ్డు మీద ఎదురుగా స్కూటీ మీద వచ్చేవాళ్ళ కళ్ళల్లోకి కొడుతుంది. స్క్రూ తిప్పితే అయిపోయే పని, ఎంతమంది తిప్పిస్తున్నారు?

ఇందులో ఆటోనగర్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, ఆ పక్కనే పటమటలో ఉంటున్న వాణ్ణి, లారీ కమాన్ కట్ట (పట్టీల స్ప్రింగు) విప్పి బిగించడంలో వాళ్ళని మించినోళ్ళు లేరని నాకు తెలుసు. కానీ లారీ పద్ధతి జీపుకి పెడితేనే తంటా, పాత పట్టీల్ని కాల్చి కొట్టి వంపు తెప్పిస్తారు, టెంపరింగ్ అంటే కాల్చిన ఉక్కుకి గట్టిదనం సరిచేసే పని సరిగ్గా పడకపోతే మళ్ళీ కూర్చుంటాయి లేదా విరుగుతాయి, విప్పిన యూ బోల్టుల్నే మళ్ళీ బిగించేస్తారు, కొన్నాళ్ళు తిరిగాక ఇంకోసారి టైట్ చేయించుకోమని చెప్పేవాళ్ళు తక్కువ. పనివాళ్ళకి చెయ్యి ఉంది, నేర్పే ఏర్పాటు లేదు. ఒక వీల్ అలైన్‌మెంట్ షీటు చూపించి డబ్బులు తీసుకోవాలని రూలు పెడితే సగం షాపులు తెల్లారేసరికి మారతాయి.

ఇంకో మాట కూడా అనాలి, కోపం రాకపోతే. ఇసుక లారీలకి కమాన్ పట్టీలు ఎక్స్‌ట్రా వేయించి ఓవర్‌లోడ్ మోయిస్తారన్నది ఈ ఊళ్ళో ఎవరికి తెలీదు చెప్పండి? అది సస్పెన్షన్ మార్పు కాదా? కమర్షియల్ బండి కనీసం ఫిట్‌నెస్‌కి వెళ్తుంది, సొంత జీపు కొన్న రోజు నుంచి 15 ఏళ్ళు ఎవరూ కింద దూరి చూడరు. అంటే ఒకచోట చూసి వదిలేస్తున్నారు, ఇంకోచోట చూసేవాడే లేడు.

కాబట్టి రవాణా శాఖ వాళ్ళు చేయాల్సింది నిజానికి పెద్ద పనేం కాదు. అరిగిన షాకులు, బుష్‌లు, స్ప్రింగులు కంపెనీ కొలతకి సమానమైనవి వేస్తే అది మార్పు కిందకి రాదని ఒక కాగితం తెలుగులో వేయాలి. ఎత్తు పెంచడానికి ఎంతవరకు ఒప్పుకుంటారో మిల్లీమీటర్లలో చెప్పాలి, అసలు ఒప్పుకోం అంటే అదైనా రాతలో పెట్టాలి. ఒప్పుకుంటే పూర్తి కిట్టు, పొడుగు షాకులు, అలైన్‌మెంట్, లైట్లు, బ్రేకులు చూసి ఆర్సీలో ఒక ముద్ర కొట్టాలి, ఫీజు తీసుకోమనండి, కట్టేవాళ్ళు కడతారు. ఆ ముద్ర ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ముందే చెప్పుకోవచ్చు, ఇప్పుడు చెప్తే ఏమవుద్దో అని దాచిపెట్టి, యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ వచ్చి స్పేసర్ చూసి క్లెయిమ్ ఆపేస్తే లబోదిబోమనేది ఓనర్ ఒక్కడే కాదు, దెబ్బ తగిలిన అవతలివాడు కూడా కోర్టుల చుట్టూ తిరగాలి.

మీ విజయవాడ, గుంటూరు ఎడిషన్లలో ఈసారి ఇలాంటి బళ్ళ ఫొటో వేసేటప్పుడు జరిమానా ఎంతో ఒక్కటే కాకుండా, ఎంత ఎత్తు దాటితే తప్పని డీటీసీ (డిప్యూటీ ట్రాన్స్‌పోర్ట్ కమిషనర్) గారిని అడిగి ఆ అంకె కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పటమట, విజయవాడ