కాంటా సంతలోకే రావాలి

మావోయిస్టుల ప్రభావం తగ్గిందంటున్నా చర్ల, దుమ్ముగూడెం వంటి ఏజెన్సీ మండలాల్లో గిరిజనుల పేదరికం మాత్రం తగ్గలేదు. రోడ్లు, సెల్ టవర్లు వచ్చాయి, కాదనను. కానీ వారపు సంతలో ఇప్పపువ్వును దళారి తన తూకంతో, తాను చెప్పిన రేటుకే కొంటాడు. ఆ డబ్బు కాస్తా ఉప్పు, ఉల్లిపాయలకూ పాత బాకీకీ సరి. సరుకు దాచుకునే చోటు లేనివాళ్లు బేరమేం ఆడతారు? 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయ గిరిజనులది మరీ ఘోరం. ఎస్టీ సర్టిఫికెట్ లేక చాలా పథకాలు అందవు, మిర్చి కోతల కూలే దిక్కు. అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14 నుంచీ ఉంది, కాగితం మీద. గిరిజన సహకార సంస్థ సంత రోజున సంతలోనే కాంటా పెట్టి, అక్కడికక్కడే డబ్బు చెల్లించాలి. పక్కనే చిన్న గోదాము కట్టాలి. గొత్తికోయల సర్టిఫికెట్ల సంగతి తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ రెండూ కూర్చుని తేల్చాలి.

– ఒక పాఠకుడు, భద్రాచలం