పాటిమన్ను తోలేముందు ఎజింగ ఊరి సంగతి

సంపాదకులకు నమస్కారం.

యాసంగి కోతలు అయిపోయి మళ్లీ దుక్కులు పడేలోపు ఉత్తర తెలంగాణ ఊళ్లలో పాటిగడ్డల (పాత ఊళ్లు కూలి పెరిగిన దిబ్బల) దగ్గర ట్రాక్టర్లు వరుస కడతాయి. పాటిమన్ను పోసిన చెలక కొన్నేండ్లు ఎరువు అడగదని రైతుల నమ్మకం. అది వట్టి నమ్మకం కాదు. బూడిద, పెంట, ఎముకలు, కూలిన మట్టిగోడలు వందల ఏండ్లు మాగిన మన్ను అది, భాస్వరం దండిగా ఉంటుంది. కాబట్టి రైతును తప్పుపట్టి లాభం లేదు. ఇదే మన్నును మనకంటే ముందే, మనకంటే పెద్ద ఎత్తున అమ్ముకున్న దేశం ఒకటుంది: నెదర్లాండ్స్.

ఆ దేశం ఉత్తర కొసన గ్రోనింగెన్ ప్రాంతంలో ఎజింగ అని చిన్న ఊరు. క్రీ.పూ. 500 ప్రాంతంలో సముద్రపు ఉప్పు పర్ర మీద మొదలైంది. అప్పటికి కరకట్టలు లేవు. తుపాను పోటు వస్తే పర్ర మొత్తం నీళ్లే. అందుకని గడ్డిని వేళ్లతో సహా పెళ్లలుగా కోసి, బంకమట్టితో, పెంటతో కలిపి పేర్చి ఇంటికో తిన్నె కట్టుకున్నారు. ఇల్లు పాతబడితే చదును చేసి, దాని మీదే ఇంకో పొర వేసి కొత్తిల్లు లేపారు. తిన్నెల నడుమ పల్లాలు చెత్తతో, పెంటతో పూడి, తరాలు గడిచేసరికి ఊరంతా ఒకే గడ్డ అయింది. ఇట్లాంటి గడ్డను పక్క ప్రాంతమైన ఫ్రీస్‌లాండ్‌లో టెర్ప్ అంటారు, గ్రోనింగెన్‌లో వీర్డ అంటారు. రెండు ప్రాంతాల్లో కలిపి వెయ్యికి పైనే ఉన్నాయి.

ఎత్తుతోనే పని అయిపోలేదు. కింద తవ్వితే ఉప్పునీళ్లే, కాబట్టి గడ్డ మీదనే వాననీటి గుంట ఉండాలి. పోటు ఎప్పుడైనా గట్టు దాటి గుంటలో పడిందా, మనుషులు బతికినా గొడ్లకు తాగడానికి నీళ్లుండవు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఆ తీరపు మనుషులను చూసిన రోమన్ రచయిత ప్లినీ, వీళ్లు వాననీళ్లు తప్ప వేరే తాగరని రాసిపెట్టాడు.

సుమారు వెయ్యేండ్ల కింద కరకట్టలు మొదలయ్యాక గడ్డలు పెంచే అవసరం క్రమంగా పోయింది. 19వ శతాబ్దంలో ఆ మన్ను బలం వ్యాపారుల కంట పడింది. గడ్డ అడుగు దాకా కాలువలు తవ్వి, పడవలకెత్తి, ఇసుక నేలలకూ పీట్ (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న) నేలలకూ అమ్మారు. ఫ్రీస్‌లాండ్‌లోని హేగెబైంటుమ్ గడ్డ సముద్రమట్టం మీద 8.8 మీటర్లు, దేశంలో అన్నిటికన్నా ఎత్తు. నడుమ చర్చి, దాని చుట్టూ బొందలగడ్డ ఉన్నాయి గనుక అంతవరకు వదిలి, పక్కలు నిలువునా కోసేశారు. ఇప్పుడు చర్చి ఒంటి దిబ్బ మీద నిలబడి ఉంటుంది.

ఎజింగ కొంత నయం. పురావస్తు శాస్త్రవేత్త వాన్ గిఫెన్ అక్కడ 1923 నుంచి 1934 దాకా పొర తర్వాత పొర విప్పి, ప్రతి పొరకూ పటం గీయించాడు. రెండు వేల ఏండ్ల నాటి ఇండ్ల కర్రలు, తడిక గోడలు నిలబడ్డవి నిలబడ్డట్టే దొరికాయి. ఒకే కప్పు కింద ఒక కొసన మనుషులు, ఇంకో కొసన పశువుల కొట్టం. తడి పెంటలోకి గాలి చొరబడదు, అందుకే కర్ర కుళ్లలేదు. అదే కర్ర బయటపడి ఆరితే ముడుచుకుని పగిలిపోతుంది. పార పడిన రోజు గీసుకోకపోతే తర్వాత గీయడానికి ఏమీ మిగలదు.

మన పాటిగడ్డలు వరదకు భయపడి కట్టినవి కావు, ఊరు ఊరి మీదే కూలి పెరిగినవి. కాని పోయే సొత్తు అదే. పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరులో కాల్చిన మట్టి ఒరలు దింపిన బావులు, కమ్మరి కొలుములు, సుమారు 22 వేల నాణేలు బయటపడ్డాయి. పద్ధతిగా తవ్వారు కాబట్టి అవి లెక్కకొచ్చాయి. ట్రాక్టర్ ట్రిప్పులో పోయినవాటికి లెక్కే లేదు.

తవ్వకం ఆగాలన్నదే మా మాట. ఇప్పటికే జేసీబీ దిగిన చోట మాత్రం కనీసం ఇవి చేయాలి. మన్ను బూడిద రంగుకు తిరిగి, చిల్లపెంకులు గాని, ఇప్పటి ఇటుకకన్నా పెద్ద ఇటుకలు గాని కనబడగానే బకెట్ ఆపాలి. తవ్విన నిలువు గోడలో ఒకచోట రెండు మీటర్ల వెడల్పున పైనుంచి కింది దాకా ముట్టకుండా వదిలి, ఖుర్పీతో పలుచగా గీకితే పొరలు తేలతాయి. పక్కన టేపు వేలాడదీసి ఫొటో తీయాలి. ఒరల బావి కనబడితే లోపలికి దిగొద్దు, ఒరలు జారి మీద పడతాయి. దొరికిన కుండను కడగొద్దు, లోపలి మన్నులోనే గింజలుంటాయి. నాణేలను చింతపండుతో తోమే అలవాటు అన్నిటికన్నా చెడ్డది. శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసానివి, రాగివి. ఆ పులుపుకు అక్షరాలు తినేస్తాయి, ఇక అది ఎవరి నాణెమో ఎవరూ చెప్పలేరు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన పాత సొత్తు గురించి కలెక్టర్‌కు చెప్పాలి. (ఆ పది రూపాయలు అప్పటివి, చట్టం మాత్రం ఇప్పటిదే.)

అధికారులకు ఒక విన్నపం. మట్టి తరలింపు దరఖాస్తులో ఆ సర్వే నంబరును ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారో కూడా రాయించండి. పాటి అని ఉంటే పురావస్తు సిబ్బంది చూసి వచ్చేదాకా అనుమతి ఇవ్వొద్దు. రైతుకు ఎరువు మట్టే కావాలంటే ఊరి చెరువులో పూడిక ఉంది. అది చెరువు ఎండిన ఏప్రిల్, మే నెలల్లోనే తోలుకోనివ్వాలి. వానలు పడ్డాక ఇస్తామంటే ట్రాక్టర్ మళ్లీ పాటిగడ్డకే పోతుంది.

— పాఠకులు, హనుమకొండ