ఏటిగట్టు మీద ఏడు జతల చెప్పులు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖను పరీక్షల సంగతితో మొదలుపెట్టాలనుకున్నాను. దాన్ని చివరికి జరుపుతున్నాను.

పోయిన మంగళవారం సాయంత్రం బడి వదిలాక రేవు దారిన వెళ్తుంటే గట్టు మీద చెప్పులు కనిపించాయి. ఏడు జతలు. పక్కన పుస్తకాల సంచులు, వాటి మీద మడతపెట్టిన చొక్కాలు. నీళ్లలో తలలు లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే. ఏడో పిల్లవాడు తుమ్మ పొదల చాటు నుంచి నిక్కరు పిండుకుంటూ వచ్చేదాకా నా గొంతు పెగలలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పిల్లల్ని నేను కొట్టలేదు, పేర్లు ఇక్కడ రాయను. ఏటి ఒడ్డున పుట్టిన పిల్లలు ఏట్లో దిగకుండా ఉంటారా? మీలో చాలామంది ఆ రేవులోనే ఈత నేర్చుకున్నారు. ఈత రావాలనే నేనూ అంటాను. నేను అడుగుతున్నది ఒక్కటే: పెద్దవాళ్లు తోడు లేకుండా పంపకండి.

ఎందుకంటే ఇది మీరు ఈదిన నాటి ఏరు కాదు. అప్పట్లో ఇసుక మెల్లగా వాలుతూ పోయేది, ఎక్కడ లోతో కాళ్లకే తెలిసేది. ఇప్పుడు ఇసుక తవ్విన చోటల్లా గొయ్యి. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు ఇంకో అడుగు వేస్తే తల మునుగుతుంది. గోతి అంచున ఇసుక కాలి కింద జారిపోతుంది కాబట్టి వెనక్కి రావాలన్నా పట్టు దొరకదు. పైనుంచి చూస్తే మాత్రం నీళ్లన్నీ ఒకేలా ఉంటాయి.

బుధవారం ఎనిమిదో తరగతిలో మన ఏరు గోస్తనీ పటం గీయించాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, మన పద్మనాభం మండలం దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలిసేదాకా. ఆవు పొదుగు నుంచి కారినట్టు నీరు కారుతుందనే కథ వల్ల ఈ నదికి ఆ పేరు వచ్చిందని చెబితే పిల్లలకు ఎంత నచ్చిందో. తర్వాత ఒక ప్రశ్న వేశాను: మన ఊళ్లో చినుకు పడని రోజున ఏరు పొంగుతుందా? పొంగదని తరగతిలో ముప్పావు వంతు చేతులెత్తారు.

నా భయమంతా అక్కడే ఉంది. కొండల మీద కురిసిన వాన మనకు కనిపించదు. జలాశయం నిండి గేట్లు ఎత్తితే మన దగ్గర ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, పుల్లలు, ఆకులు, నురగ కొట్టుకొచ్చినా వెంటనే ఒడ్డెక్కాలి. ఈ మాట మీ ఇంట్లో తాతయ్యల చేత, నాన్నమ్మల చేత చెప్పించండి. మేము చెబితే పాఠం అవుతుంది, వాళ్లు చెబితే గుర్తుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరాన్ని తాకిన రోజు మీకు బాగా గుర్తు, ఈ పిల్లలకు గుర్తు లేదు. అదీ చెప్పించండి.

ఎవరైనా మునుగుతుంటే పిల్లలు నీళ్లలోకి దూకకూడదు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ఎన్నిసార్లు చదివాం! గట్టు మీద నుంచే తాడో, చీరో, పొడవాటి కర్రో అందించాలి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా తేలుతూ పట్టు ఇస్తుంది. గట్టిగా కేకలు వేసి పెద్దల్ని పిలవాలి. బయటికి తీసిన పిల్లవాణ్ణి తలకిందులుగా ఎత్తి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. దయచేసి అది మానండి, ప్రాణం నిలిపే నిమిషాలు అందులోనే పోతాయి. ఊపిరి ఆగితే వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో బురద ఉంటే తీసి, నోటితో ఊపిరి ఊదుతూ ఛాతీ మధ్యలో నొక్కుతూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

కార్తీక స్నానాలకు పిల్లల్ని వెంట తీసుకెళ్లే తల్లులు చీకట్లో వాళ్ల చేయి వదలకండి. అమావాస్య నాడు పద్మనాభం కొండ మీద దీపోత్సవానికి వెళ్లేవారికీ ఇదే మాట.

పూల తోటలున్న ఇళ్లకు ఇది తీరిక లేని కాలం. తెల్లవారేసరికి బుట్టలు ఆనందపురం మార్కెట్టుకు చేరాలి, ఇంట్లో ఎన్ని చేతులున్నా చాలవు. ఆ కష్టం నాకు తెలుసు. కానీ సోమవారం మూడో పీరియడ్‌లో ఒక అమ్మాయి బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. వేళ్లు బంతిపూల పసరుతో నల్లబడి ఉన్నాయి. లేపబుద్ధి కాలేదు, నేనే ఆ పాఠం మధ్యాహ్నం మళ్లీ చెప్పాను. పిల్లల సాయం సెలవు రోజులకు ఉంచండి. బడి రోజుల్లో వాళ్లను నిద్రపోనివ్వండి.

జ్వరాలు మొదలయ్యాయి. నీళ్ల డ్రమ్ములకు మూతలు పెట్టి, వారానికోసారి రుద్ది కడిగి ఆరబెట్టండి. డెంగీ దోమ నిలిచిన మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూటే కుడుతుంది.

పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయింది. శనివారం మూడు గంటలకు బడికి వస్తే చూపిస్తాం. ఆ రోజే ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం ఎలాగో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చే నర్సమ్మ చేసి చూపిస్తారు. అమ్మలు, నాన్నలు ఇద్దరూ రండి, కూలి పని ఉన్నవారు ముందే చెబితే సాయంత్రం మరోసారి ఏర్పాటు చేస్తాం. రేవు దగ్గరి వేపచెట్టుకు ఒక తాడు, రెండు ఖాళీ డబ్బాలు ఎప్పుడూ కట్టి ఉంచాలని తల్లిదండ్రుల కమిటీ అనుకుంది. డబ్బాలు బడిలో ఉన్నాయి. ఎవరింట్లోనైనా పది బారల తాడు ఉంటే శనివారం వచ్చేటప్పుడు తీసుకురండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు